దసరా ముందు క్లయింట్ సైటు మారుస్తున్నారా? లైవ్ చేసే ముందు ఇవి చూసుకోండి

పండగ ఆఫర్లలోపు కొత్త సైటు కావాలని షాపులవాళ్లు తొందరపెట్టే రోజులివి. పాతది తీసి కొత్తది పెట్టే ముందు:

– నేమ్‌సర్వర్ల (డొమైన్ రికార్డులన్నీ ఉండే చోటు) జోలికి వెళ్లకండి. చాలా సైట్లకు 'ఏ' రికార్డు (డొమైన్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది) మారిస్తే సరిపోతుంది. మార్చక తప్పకపోతే ఎంఎక్స్ (మెయిళ్లు ఎక్కడికి రావాలో చెప్పేది), ఎస్‌పీఎఫ్, డీకిమ్ (పంపే మెయిళ్లు అసలైనవేనని చూపేవి) రికార్డులన్నీ కొత్తచోట ముందే ఎక్కించండి. ఎంఎక్స్ మర్చిపోతే క్లయింట్‌కు మెయిళ్లు రావు. సైటు బాగానే కనిపిస్తుంది కాబట్టి ఆ సంగతి రెండు మూడు రోజులదాకా ఎవరికీ తెలియకపోవచ్చు. ఈలోపు మెయిల్‌లో వచ్చిన ఆర్డర్లు పోయినట్టే.

– టీటీఎల్ (పాత రికార్డును ఇతర సర్వర్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పేది) 86400 సెకన్లు, అంటే ఒక రోజు ఉంటే ముందురోజే 300 సెకన్లకు దించండి. లేదంటే తేడా వచ్చి వెనక్కి తిప్పినా కొందరికి రోజంతా చెడిన సైటే కనిపిస్తుంది.

– వర్డ్‌ప్రెస్ రీడింగ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్లను రావద్దనే టిక్కు తీసేయండి. తయారీలో పెట్టి మరిచిపోయేది ఇదే.

– పాత పేజీలను వాటికి సరిపోయే కొత్త పేజీలకే 301తో (పేజీ శాశ్వతంగా మారిందని చెప్పే మళ్లింపు) మళ్లించండి. అన్నింటినీ హోమ్‌పేజీకి పంపితే గూగుల్ వాటిని లేని పేజీలుగా లెక్కేయవచ్చు.

– పేమెంట్ గేట్‌వేలో టెస్ట్ కీలు తీసి అసలు (లైవ్) కీలు పెట్టి, నిజంగా ఒక చిన్న ఆర్డరు పెట్టి, రిఫండ్ కూడా చేసి చూడండి.

– బ్యాకప్‌లో ఫైళ్లతోపాటు డేటాబేస్ ఉందా?

– మిగతా డబ్బు లైవ్‌కు ముందే తీసుకోండి. డొమైన్ మాత్రం క్లయింట్ పేరునే ఉండాలి, దాన్ని పట్టుకుని వసూలు చేయడం తప్పు.

– శుక్రవారం సాయంత్రం వద్దు. హోస్టింగ్ వాళ్లు ఫోనెత్తే రోజున, ఉదయం పూట మార్చండి.