కాగితం మీద హాలోవీన్ – 4వ పాఠం: కవర్ బొమ్మ

హాలోవీన్ అంటే అక్టోబరు 31న జరిపే దయ్యాల పండగ. దానికోసం ఏ4 కాగితాన్ని ఎనిమిది గడులుగా మడిచి, మధ్యలో ఒక్క కోత పెట్టి చిన్న కామిక్ పుస్తకం చేయడం పోయిన పాఠం. ఈసారి దానికి కవర్ వేయాలి. కానీ చాలామంది ఒకేచోట పప్పులో కాలేశారు: మన కథలో తలుపు తీసే దయ్యం చెయ్యిని 5వ పేజీలో పెట్టేశారు. ముందు అది సరిచేద్దాం.

పుస్తకం తెరిచి చూడండి. 4, 5 పేజీలు పక్కపక్కనే ఉంటాయి. పేజీ తిప్పగానే కన్ను నల్లగా, పెద్దగా ఉన్నదాని మీదికే పోతుంది. 4లో మూసిన తలుపు ఎంత బాగా గీసినా, 5లో చెయ్యి అప్పటికే కనిపించేసింది. దాచింది ఎప్పుడూ ఎడమ పేజీలోనే బయటపడాలి, అంటే 2, 4, 6. దానికి ముందున్న కుడి పేజీ పాఠకుణ్ణి ఆపి ఉంచాలి.

మన పద్యం ఇది:

చివరి ఇంట దీపముంది
మెట్టు మీద అడుగు లేదు
తలుపు తీయు చెయ్యి ఉంది
చెయ్యి వెనక ఎవరు లేరు

ప్రతి పాదంలో మూడేసి మాత్రల ముక్కలు నాలుగు. పైకి చదివితే మెట్లెక్కుతున్నట్టు వినపడుతుంది. మొదటి పాదం 2లో, రెండోది 3లో వేయండి. 4లో మాటలొద్దు, తలుపు చాలు. మూడో పాదాన్ని మాత్రం విరవాలి: 5లో ‘తలుపు తీయు’ వరకే. పేజీ తిప్పాక 6లో ‘చెయ్యి ఉంది’. చివరి పాదం 7లో, పేజీ దాదాపు అంతా నలుపు.

ఇంకొకటి. ‘దీపముంది’ అన్న మాట కింద దీపమే గీయకండి. మాట ఆ పని చేసేసింది. మెట్ల మీద పడ్డ వెలుగు గీయండి.

గడుల వరస మళ్ళీ: కాగితం అడ్డంగా పెట్టండి. కింది వరసలో ఎడమ నుంచి 6, 7, 8, 1. పై వరసలో 5, 4, 3, 2, ఇవి తలకిందులుగా. కోత 4, 3 గడులకీ వాటి కిందున్న 7, 8 గడులకీ మధ్య. 8వది వెనక అట్ట, 1వది ముందు కవర్.

ఇప్పుడు కవర్. గడి సుమారు 74 మి.మీ. వెడల్పు, 105 మి.మీ. ఎత్తు. పై 35 మి.మీ. పేరుకి వదిలేయండి. మిగిలినదాంట్లో ఒక్కటే వస్తువు: ఇల్లు, లేదా మెట్టు మీద లోపల దీపం పెట్టిన గుమ్మడికాయ. చెయ్యి కవర్ మీదికి రాకూడదు. 1954 ఏప్రిల్‌లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు ప్రచురణకర్త విలియం గెయిన్స్‌ని తెగిన తల ఉన్న ఒక కామిక్ కవర్ గురించి నిలదీశారు. ఆ తలని ఇంకాస్త పైకెత్తి, మెడ కనిపించేలా గీసి ఉంటే అది చవకబారు పని అయ్యేదని ఆయన జవాబు. అతని వాదన నెగ్గలేదు గానీ, మనకి పనికొచ్చే సంగతి అందులో ఉంది: బొమ్మలో ఎంతవరకు చూపించి ఎక్కడ ఆపాలన్నది వేసేవాడు ముందే తేల్చుకోవాలి.

ఇక పేరు. అక్షరాల కింద నెత్తుటి చుక్కలు కార్చవద్దు. ఇంగ్లీషు కవర్లు చూసి అందరూ చేసే పని ఇదే, తెలుగులో ఇది అక్షరాన్నే మార్చేస్తుంది. మన లిపిలో కింద చిన్న గీత పడితే ఒత్తక్షరమే: చ ఛ అవుతుంది, ద ధ అవుతుంది, ప ఫ అవుతుంది, డ ఢ అవుతుంది. ‘చివరి దీపం’కి కింద చుక్కలు పెట్టండి, ‘ఛివరి ధీఫం’ వస్తుంది. ‘పాడుబడ్డ’ అన్న మాటకి పెడితే ఇక చెప్పక్కర్లేదు. చుక్కని సన్నగా చేసినా, ఎర్రరంగు వేసినా లాభం లేదు, మనం కాపీలు తీసేది జిరాక్సులో, అక్కడ అంతా నలుపే. తలకట్టు మీద మంట గీసినా ఇంతే: ప కాస్తా పి లాగా కనిపిస్తుంది. మంట కావాలంటే ‘దీ’కి ఎలాగూ గుడిదీర్ఘం ఉంది, దాన్నే మంటగా సాగదీయండి. చుక్క కావాలంటే సున్న కింద ఒక్కటి, ఎడంగా. మామూలుగా అయితే అక్షరం అంచుల్ని విరిగిన చెక్కలా గరుకుగా చేయడమే మేలు, చదవడానికీ అడ్డురాదు.

అక్షరం ఎత్తు 15 మి.మీ., గీత మందం 3. లోపలి తెల్లటి ఖాళీ 1 మి.మీ. కంటే తగ్గితే జిరాక్సులో పూడిపోతుంది.

పెన్సిల్ నీడలు వద్దు, బూడిదరంగు మరకలుగా వస్తాయి. నలుపు, తెలుపు, అంతే. మడత గీతకి అటూ ఇటూ 3 మి.మీ. నలుపు లేకుండా వదలండి, మడతపెట్టినప్పుడు టోనర్ (జిరాక్సు యంత్రం వాడే నల్లపొడి) పెళుసుబారి రాలుతుంది. కాగితం అంచుకి 5 మి.మీ. లోపలే గీయండి, ఆ బయటిది చాలా యంత్రాల్లో అచ్చు కాదు.

సాధన: 2 × 3 సెం.మీ. పెట్టెల్లో పన్నెండు కవర్లు, ఒక్కదాంట్లోనూ దయ్యం కనిపించకూడదు. రెండు మీటర్ల దూరం నుంచి చూసి తొమ్మిది కొట్టేయండి. మిగిలిన మూడూ అసలు కొలతలో నల్ల సిరాతో వేసి, విషయం తెలియని ముగ్గురిచేత పేరు పైకి చదివించండి. ఒక్కరు తడబడినా అక్షరాలు మళ్ళీ రాయాలి. 5, 6 పేజీలు కూడా ఈ వారమే తిరగరాయండి. అక్టోబరు 31 సాయంత్రం తలుపు తట్టే పిల్లలకి చాక్లెట్‌తో పాటు ఇవ్వాలంటే ముప్ఫై కాపీలైనా కావాలి, మడతకీ కోతకీ ఒక పూట పడుతుంది.