ఆటల మైదానంలో కచేరీ: లెక్క గేట్ల దగ్గర మొదలుపెట్టండి

హైదరాబాద్‌లో పెద్ద మ్యూజికల్ నైట్ పెట్టాలంటే గాయకుడి డేట్ల కన్నా చోటు దొరకడమే కష్టం. శిల్పకళావేదికలో దాదాపు రెండున్నర వేల సీట్లున్నాయి. అది దాటి ఇరవై వేల మందికి కచేరీ కోసమే కట్టిన హాలు నగరంలో లేదు. 2025 జనవరి 25, 26 తేదీల్లో కోల్డ్‌ప్లే అహ్మదాబాద్‌లో లక్షమందిని కూర్చోబెట్టిందీ క్రికెట్ స్టేడియంలోనే. కాబట్టి ఇంకా చాలాకాలం పాటు గచ్చిబౌలి, ఎల్బీ స్టేడియాలు, ఊరి చివరి ఖాళీ స్థలాలే మనకు దిక్కు.

కచేరీ హాల్లో పైకప్పు ఉక్కే టన్నుల కొద్దీ లైట్లను, స్పీకర్లను మోస్తుంది. పొద్దున లారీ దిగితే రాత్రికి పాట మొదలవుతుంది. మైదానంలో ప్రతిదీ నేల మీంచి లేవాలి. స్టేజీ, ట్రస్ (లైట్లు, స్పీకర్లు వేలాడదీసే లోహపు చట్రం), టవర్లు ఎత్తడానికి నాలుగైదు రోజులు, విప్పడానికి రెండు రోజులు పడతాయి. ఒక్క రాత్రి షో కోసం వారం అద్దె లెక్కలో వేసుకోండి.

టికెట్ల సంఖ్య మైదానం వైశాల్యం చూసి నిర్ణయించకండి. ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే 7,140 చదరపు మీటర్లు. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఇరవై వేల మంది పడతారనిపిస్తుంది. స్టేజీ, దాని వెనక జాగా, సౌండు మిక్సింగ్ టెంటు, అంబులెన్స్ దారి, తెర కనపడని మూలలు తీసేస్తే మిగిలేది 4,200 దాకా. నిలబడే మనిషికి అర చదరపు మీటరు చొప్పున 8,400 మంది. గ్యాలరీలో స్టేజీ వెనక్కీ పక్కకీ పడే సీట్లు అమ్మడానికి పనికిరావు.

ఇప్పుడు గేట్లు కొలవండి. చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది బయటికి పోగలరన్నది స్టేడియం ఇంజినీర్లు వాడే అంకె, మెట్ల మీదైతే 66. అందరూ 8 నిమిషాల్లో బయటపడాలి. మైదానంలోని 8,400 మందికి 12.8 మీటర్ల దారి కావాలి, అంటే నాలుగు మీటర్ల గేట్లు నాలుగు. వాటిలో ఒకటి మూసుకుపోయినా మిగిలినవి సరిపోవాలి, కాబట్టి ఐదు. మీకు మూడే ఉంటే టికెట్లు తగ్గించుకోవాల్సిందే. స్పాన్సర్ ఎంత ఒత్తిడి చేసినా ఈ ఒక్క లెక్క మీద రాజీ పడొద్దు. 2023 నవంబర్ 25న కొచ్చిలోని కుసాట్ విశ్వవిద్యాలయ ఆవరణలో కచేరీకి ముందు వాన మొదలైంది. బయట ఉన్నవాళ్లు ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు. లోపలికి దిగే మెట్ల మీద నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాన వస్తే బయటి క్యూ ఎక్కడ తలదాచుకోవాలో ముందే నిర్ణయించి, అక్కడ షెడ్డు వేయించండి.

లోపలికి వచ్చే లెక్క వేరు. క్యూఆర్ స్కాన్, తనిఖీ రెండూ ఉన్న ఒక్కో వరసలో గంటకు 400 మంది మించి కదలరు. జనంలో సగానికి పైగా చివరి గంటలోనే వస్తారు. 8,400లో 5,000 మంది అప్పుడే దిగితే 13 వరసలు కావాలి, ఆడవాళ్లకు విడిగా. టికెట్ లేనివాళ్లను స్కాన్ దగ్గర కాకుండా వంద మీటర్ల ముందే ఆపాలి. గేటు దాకా వచ్చినవాడికి వెనక్కి తిరిగే దారి ఉండదు, వెనక జనం నెడుతుంటారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయింది గేట్ల దగ్గరే.

స్టేజీ ముందు పోలీసు బారికేడ్లు పెట్టకండి. ఒక్క తోపుకు పడిపోతాయి, వాటి మీద మనుషులు పడతారు. అడుగున వెడల్పాటి పలక ఉండే 'ఏ' ఆకారపు స్టేజీ బారికేడ్లు అద్దెకు తెప్పించండి. జనం ఆ పలక మీదే నిలబడతారు కాబట్టి వాళ్ల బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. వరసను కొద్దిగా విల్లులా జనం వైపుకు వంచితే ఒత్తిడి పక్కలకు జారుతుంది. బారికేడ్‌కు, స్టేజీకి మధ్య రెండు మీటర్లు వదిలితే సొమ్మసిల్లినవాళ్లను పైకి లాగి పక్కకు తీసుకెళ్లొచ్చు. జనం మధ్యలోకి ర్యాంప్ వేస్తే మైదానం గదులుగా చీలుతుంది. ప్రతి గదికీ సొంత దారి ఉండాలి. ర్యాంప్, స్టేజీ కలిసే మూలలోనే ఎక్కువమంది నలుగుతారు, అక్కడ మీ మనిషి ఒకడు తప్పకుండా ఉండాలి.

స్టేడియం నేల కింద స్ప్రింక్లర్ పైపులు, కేబుళ్లు ఉంటాయి, మేకులు దిగ్గొట్టకూడదు. బరువు కోసం కాంక్రీట్ దిమ్మెలు వాడండి. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు టన్ను బరువే కానీ, కారితే బరువూ పోతుంది, నేలా మెత్తబడుతుంది. ఎల్ఈడీ తెరను తెరచాపే అనుకోండి. పది మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల ఎత్తున్న తెర మీద గంటకు 54 కిలోమీటర్ల గాలి దాదాపు టన్ను తోపు పెడుతుంది. గాలి మీటరు ట్రస్ పైన ఉండాలి. ఏ వేగంలో తెర దించాలి, ఏ వేగంలో జనాన్ని ఖాళీ చేయించాలి అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతో రాసిచ్చిన కాగితం ప్రొడక్షన్ మేనేజర్ జేబులో ఉండాలి. ఏప్రిల్, మే సాయంత్రపు గాలిదుమ్ములకు ఇది మరీ ముఖ్యం.

సౌండు ఒక్క స్టేజీ నుంచే వెనకదాకా పంపాలని చూస్తే ముందువాళ్ల చెవులు పోతాయి. అరవై మీటర్ల దగ్గర డిలే టవర్లు, అంటే స్టేజీ శబ్దం అక్కడికి చేరేదాకా ఆగి మోగే స్పీకర్ల టవర్లు, పెట్టండి. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు 349 మీటర్లు వెళ్తుంది, కాబట్టి ఆ దూరానికి 172 మిల్లీసెకన్లు పడుతుంది. దానికి ఇంకో పది, పదిహేను కలిపి టవర్‌ను ఆలస్యం చేస్తే పాట స్టేజీ నుంచే వస్తున్నట్టు వినిపిస్తుంది. మధ్యాహ్నం ఎండలో పెట్టిన అంకెను రాత్రి చల్లబడ్డాక మళ్లీ సరిచూడండి.

సౌండుకు, లైట్లకు జనరేటర్లు వేరుగా ఉండాలి, లేకపోతే లైట్ల డిమ్మర్ల గుర్రు స్పీకర్లలో వినపడుతుంది. ప్రతిదానికీ జోడీగా ఇంకొకటి తిరుగుతూ ఉండాలి. 250 కేవీఏ సెట్టు ముప్పావు లోడ్ మీద గంటకు 40 లీటర్ల దాకా డీజిల్ తాగుతుంది. కరెంటు లీకైతే భూమిలోకి పంపే ఎర్త్ పిట్లను షో రోజు పొద్దున కొలిపించండి.

మరుగుదొడ్లు ఆడవాళ్లకు వందమందికి ఒకటి, మగవాళ్లకు ఐదొందలమందికి ఒకటి, 150 మందికి ఒక యూరినల్. తాగునీరు మనిషికి లీటరు చొప్పున రెండు ఐదువేల లీటర్ల ట్యాంకర్లు. నీళ్ల బాటిళ్లు లోపలికి రానివ్వకపోతే నీళ్లు ఉచితంగా ఇవ్వాల్సిందే.

పోలీసు, ట్రాఫిక్, ఫైర్, మున్సిపల్, విద్యుత్ తనిఖీ అనుమతులకు ముందే తిరగండి. వేదిక మీద పాట స్వయంగా పాడినా పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే ఐపీఆర్ఎస్ సంస్థ లైసెన్సు కావాలి. రాత్రి పది తర్వాత మైకు ఆపాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అదే చెబుతున్నాయి. కాబట్టి కార్యక్రమాన్ని పది నుంచి వెనక్కి లెక్కవేసుకోండి. ప్రధాన గాయకుడు ఎనిమిదికి స్టేజీ ఎక్కాలంటే గేట్లు నాలుగున్నరకే తెరవాలి. ఎల్బీ స్టేడియం నుంచి అసెంబ్లీ మెట్రోకు నడిచిపోవచ్చు. గచ్చిబౌలిలో ఆ సౌకర్యం లేదు, రాయదుర్గం స్టేషన్‌కు షటిల్ బస్సులు మీరే పెట్టాలి.

చివరిగా పచ్చిక సంగతి. సియోల్ ప్రపంచకప్ స్టేడియంలో 2024 సెప్టెంబర్ కచేరీల చుట్టూ పచ్చిక పాడవుతోందన్న గొడవ రేగి, మరుసటి ఏడాది నుంచి మైదానంలో సీట్లు అమ్మడానికి నగర పాలకులు ఒప్పుకోలేదు. వేదికల కొరతున్న ఊళ్లో ఒక మైదానం పోగొట్టుకుంటే అందరికీ నష్టం. గాలి ఆడే ప్లాస్టిక్ పలకలు షోకు ముందురోజు రాత్రి పరిచి, జనం వెళ్లగానే తీసేయండి. క్రేన్, లారీ తిరిగే దారికి మాత్రం అల్యూమినియం పలకలే వేయాలి. అన్నీ విప్పాక అయస్కాంతపు బార్‌తో పచ్చికంతా ఊడ్పించండి. ట్రస్ బోల్టు ఒక్కటి మిగిలినా పొద్దున ప్రాక్టీసుకొచ్చే పిల్లల కాలికి తగులుతుంది. కేబుల్ టై ముక్కలు అయస్కాంతానికి అంటవు, వాటిని చేత్తో ఏరాలి.