ఎలక్ట్రాన్ విన్యాసం రాయడం ఎలా? 4ఎస్ దగ్గర పొరబడకుండా

నల్లగొండలో ఇంటర్ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతున్నాను. ఏటా జవాబు పత్రాల్లో అదే తప్పు: ఇనుము పరమాణువుకు విన్యాసం (ఏ ఉపకర్పరంలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో చూపే రాత) చక్కగా రాసినవారే దాని అయాన్ (ఎలక్ట్రాన్లు పోయిన లేదా చేరిన పరమాణువు) దగ్గర తడబడతారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ మెట్టు కోసం.

తెల్ల కాగితం, పెన్సిలు, రబ్బరు, ఆవర్తన పట్టిక చాలు. పెన్ను ముట్టుకోవద్దు.

పరమాణు సంఖ్య ఎంతో, తటస్థ పరమాణువులో ఎలక్ట్రాన్లు అన్ని. ఉపకర్పరాల్లో ఎస్‌కు ఒక గడి, పికి మూడు, డికి ఐదు, ఎఫ్‌కు ఏడు గీయండి. ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఒక్కో బాణం; గడికి రెండు బాణాలే, అవీ ఎదురు దిశల్లో. నింపే వరుసను పాటలా బట్టీ పట్టించడం నాకు సమ్మతం కాదు. ఎన్ (కర్పరం సంఖ్య), ఎల్ (ఎస్‌కు 0, పికి 1, డికి 2, ఎఫ్‌కు 3) విలువలు కూడండి. మొత్తం తక్కువైనది ముందు నిండుతుంది. మొత్తాలు సమానమైతే ఎన్ తక్కువైనది ముందు. 4ఎస్‌కు 4+0=4, 3డికి 3+2=5. కాబట్టి 4ఎస్ ముందు.

సాధనకు ఫ్లోరిన్‌నే తీసుకోండి. మన జిల్లా నీటికి దానితో ఉన్న బాధ అందరికీ తెలుసు. పరమాణు సంఖ్య 9: 1ఎస్² 2ఎస్² 2పి⁵. 2పిలో ఒక గడిలో ఒక్క బాణమే ఉంది. ఆ లోటు భర్తీ అయితే ఫ్లోరైడ్, మొత్తం 10 ఎలక్ట్రాన్లు. ఆ ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) మన ఊరి పేరే పెట్టింది. అందులో వాడే పటికలోని అల్యూమినియం అయాన్‌కూ 13లో మూడు పోగా మిగిలేవి 10 ఎలక్ట్రాన్లే. రెండింటికీ గడులు గీసి పోల్చి చూడండి.

ఇప్పుడు ఇనుము, 26. 3పి వరకు 18, 4ఎస్‌లో 2, మిగిలిన 6 3డిలోకి. హుండ్ నియమం ప్రకారం ఐదు గడుల్లో ఒకే దిశలో ఒక్కో బాణం పెట్టాకే ఆరోది మొదటి గడిలో ఎదురుగా పెట్టాలి. ఒంటరి ఎలక్ట్రాన్లు నాలుగు.

రెండు ఎలక్ట్రాన్లు తీయమంటే చాలామంది 3డి మీద రబ్బరు పెడతారు. చివర నింపింది అదే కదా అని వారి తర్కం. నింపే వరుస తీసే వరుస కాదు. పొటాషియం, కాల్షియంలలో 4ఎస్ శక్తి తక్కువ; స్కాండియం నుంచి కేంద్రక ఆవేశం పెరిగేకొద్దీ 3డి లోపలికి లాగబడి 4ఎస్ కంటే కిందికి దిగుతుంది. బయటి కర్పరంలో ఉన్నవే ముందు పోతాయి.

ఈ తప్పు బయటపడకపోవడానికి ఒక కారణం ఉంది. రెండు పోయిన ఇనుముకు సరైన జవాబు 3డి⁶, తప్పు జవాబు 3డి⁴ 4ఎస్². రెండింటిలోనూ ఒంటరి ఎలక్ట్రాన్లు నాలుగే! లెక్క కుదిరిందని విద్యార్థి ముందుకు వెళ్లిపోతాడు. అందుకే మూడు పోయిన ఇనుముతో సరిచూడమంటాను. మన చెల్క నేలలకు ఎరుపునిచ్చే ఐరన్ ఆక్సైడ్‌లో ఉన్నది అదే. 4ఎస్‌లోని రెండూ, 3డిలో జతగా ఉన్న ఒకటీ చెరపండి: 3డి⁵, ఒంటరివి ఐదు, వాటి సంఖ్యను బట్టి వచ్చే అయస్కాంత భ్రామకం 5.92 బోర్ మాగ్నెటాన్లు. తప్పు దారిలో వెళితే ఒంటరివి మూడు, భ్రామకం 3.87.

నింపడం అయ్యాక విన్యాసాన్ని కర్పరాల వారీగా తిరగరాయండి: 3ఎస్² 3పి⁶ 3డి⁶ 4ఎస్². అప్పుడు కుడి చివర నుంచి చెరపాలి. నా తరగతిలో ఈ తిరగరాత తప్పనిసరి. జడవాయువు పేరు బ్రాకెట్లో పెట్టి కుదించి రాయడం ఆ తరువాతే.

నింపే వరుసకు మినహాయింపులు: క్రోమియం 3డి⁵ 4ఎస్¹, రాగి 3డి¹⁰ 4ఎస్¹. సగం లేదా పూర్తిగా నిండితే స్థిరత్వం అన్న ఒక్క మాటతో సరిపెట్టవద్దు. క్రోమియం గ్రూపులోనే కింద ఉన్న టంగ్‌స్టన్ 5డి⁴ 6ఎస్² గానే ఉంటుంది. క్రోమియం, రాగి రెండింటినీ విడిగా గుర్తుంచుకోండి. రాగి అయాన్‌కు రెండు తీయాలన్నా ముందు పోయేది 4ఎస్‌లోనిదే, తరువాత 3డి నుంచి ఒకటి: 3డి⁹.