గుట్ట మీది తూనీగ, మోరీ పక్క తూనీగ: తేడా పట్టుకోవడం ఎలా?

తూనీగల్ని పోల్చి చూడడం నేర్చుకోవాలంటే పాఖాల అడవి దాకా పోనక్కర్లేదు, వరంగల్‌లోనే దొరికే రెండు మామూలువి చాలు. ఒకటి గ్రానైట్ ఘోస్ట్, రెండోది డిచ్ జ్యువెల్. రెండూ లిబెల్లులిడే కుటుంబానివే, ఉండే చోట్లు మాత్రం వేరు.

1. ముందు సులువైనదానితో మొదలుపెట్టండి. కాస్త ఎండెక్కాక ఏదైనా చెరువు కట్టకు పోండి, నీళ్లు మురికిగా ఉన్నా పర్లేదు, డిచ్ జ్యువెల్‌కి మోరీ నీళ్లయినా నడుస్తాయి. నీటి అంచున గడ్డి మీద, మోకాలి ఎత్తు కూడా దాటకుండా వాలుతుంది. మగదాని రెక్కలు నారింజ రంగులో మెరుస్తాయి.

2. ఇప్పుడు బండల వైపు. పద్మాక్షి గుట్టలాంటి చోటు గానీ, పాత రాతి గోడ గానీ చూసుకోండి. దూరంగా నిలబడి వెతికితే గ్రానైట్ ఘోస్ట్ అస్సలు కనిపించదు, ఎందుకంటే దాని ఒళ్లంతా బూడిదరంగు, నలుపు మచ్చలే, పైగా రెక్కలు రాయికి ఆనించి పడుకున్నట్టు కూర్చుంటుంది. మెల్లగా నడవండి, మీ అలికిడికి ఏదో లేచి నాలుగడుగుల అవతల వాలుతుంది, అది వాలిన చోటు నుంచి చూపు తిప్పారో, పోయినట్టే.

3. పట్టుకోవద్దు, తోకకు దారం కట్టే సరదా అసలే వద్దు. ఫోన్‌లో జూమ్ చేసి పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీయండి.

4. ఫొటోలో మొదట చూడాల్సింది రెక్క కొస దగ్గర, అంచున ఉండే చిన్న మచ్చ. గ్రానైట్ ఘోస్ట్‌కి ఆ మచ్చ నడుమ ముదురుగా, రెండు చివర్లా తెల్లగా ఉంటుంది. డిచ్ జ్యువెల్‌కి మొత్తం ఒకటే రంగు. ఒంటి రంగును నమ్ముకుంటే మాత్రం తికమకే: డిచ్ జ్యువెల్ ఆడది పసుపు కలిసిన లేత ఆకుపచ్చగా, నారింజ లేని రెక్కలతో ఉంటుంది, దాన్ని చాలామంది మూడో జాతి అనుకుంటారు. గ్రానైట్ ఘోస్ట్‌లో ఆ టెన్షన్ లేదు, ఆడా మగా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. సైజు కూడా చూడండి, డిచ్ జ్యువెల్ బాగా చిన్నది.

5. ఓపికుంటే పిల్లపురుగుల్నీ వెతకండి. గ్రానైట్ ఘోస్ట్ బండ గుంతల్లో నిలిచిన వాన నీళ్లలో, సిమెంటు తొట్లలో కూడా గుడ్లు పెడుతుంది, కాబట్టి గోలెం గోడకు పిల్లపురుగు విడిచిన పొట్టు అంటుకుని ఉండొచ్చు. లోపల పిల్లపురుగులు కనిపిస్తే నీళ్లు పారబోయకండి, అవి దోమ పిల్లల్ని తింటాయి.