వరిగడ్డి కట్టల మీద బరకం కప్పే పద్ధతి

చేతికోత రోజుల్లో గడ్డివాముకు బరకం కప్పాల్సిన పని ఉండేది కాదు. కొడవలితో కోసిన గడ్డి పొడవుగా, పోచ విరగకుండా ఉంటుంది. దాన్ని అంచుల వైపు వాలేట్టు పేర్చి, కొప్పు దిద్ది వదిలితే వాన చుక్క పోచ వెంటే జారి చూరు దగ్గర కిందపడుతుంది. పైన జానెడు నల్లబడినా లోపలి గడ్డి బంగారంలా ఉంటుంది. వరికోత యంత్రం వెనక నుంచి వచ్చే గడ్డి అలా ఉండదు. నలిగి, తునిగి, అడ్డదిడ్డంగా పడుతుంది. గడ్డిని చుట్టి కట్టే యంత్రం, అంటే బేలర్‌తో చుట్టిన ఆ కట్ట నీటిని జార్చదు, పీల్చుకుంటుంది. అందుకే దానికి బరకం తప్పదు.

అయితే బరకం కప్పినా బూజు పట్టిందనే మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. అప్పుడు తప్పు చాలావరకు వానది కాదు. కట్ట కట్టేనాటికే లోపల తడి ఉండటం, అడుగు నుంచి నేల చెమ్మ ఎక్కడం, గడ్డిలోంచి లేచిన ఆవిరి బరకం లోపలి వైపు నీరుగా మారి తిరిగి గడ్డి మీదే కారడం, ఈ మూడూ కలిసి చేసే నష్టమే ఎక్కువ. బరకాన్ని దుప్పటిలా నాలుగు వైపులా నేల దాకా చుట్టేస్తే ఈ మూడూ లోపలే బందీ అవుతాయి. గొడుగులా వాడాలి: పైన వాన ఆగాలి, పక్కల నుంచి గాలి ఆడాలి.

ఆరిందో లేదో ముందు తేల్చుకోండి

నిల్వకు గడ్డిలో తేమ 15 శాతం లోపు ఉండాలి. 20 దాటితే బూజు పడుతుంది, 25 దాటితే కుప్ప లోపల వేడెక్కుతుంది. ఖరీఫ్ కోతలు నవంబరు, డిసెంబరుల్లో పడతాయి కాబట్టి మంచు ఎక్కువ. పొలంలో గడ్డి మూడు నాలుగు రోజులు ఎండకు ఆరాక, ఉదయం పది పదకొండు దాటి మంచు పూర్తిగా విడిచాకే కట్టలు కట్టించండి. బేలర్ అద్దెకు దొరికిందని పొద్దున్నే తోలిస్తే పైకి ఎండినట్టు కనిపించే కట్టకు నడిమధ్యన తడి మిగిలిపోతుంది.

తేమ చూసే యంత్రం లేకపోతే ఉప్పు చాలు. మూత బిగుతుగా పట్టే గాజు సీసా తీసుకోండి. కట్ట మధ్యలోంచి లాగిన గడ్డిని అంగుళం ముక్కలుగా కత్తిరించి సగానికి నింపండి. పెనం మీద వేడిచేసి చల్లార్చిన మెత్తటి ఉప్పు గుప్పెడు వేసి ఒక నిమిషం బాగా కుదపండి. ఉప్పు పొడిపొడిగా ఉంటే పేర్చవచ్చు. ముద్దకట్టిందా, తేమ 15 దాటినట్టే. అలాంటి కట్టల్ని కుప్ప వేయకుండా చేలోనో దొడ్లోనో ఎడంగా నిలబెట్టి, రోజుకొకసారి తిప్పుతూ నాలుగైదు రోజులు ఆరనివ్వండి. వేరుశనగ కట్టె, పిల్లిపెసర లాంటి ఆకు మేతలకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. వాటి కాడ ఆకు కంటే ఆలస్యంగా ఆరుతుంది.

చోటు, అడుగు

మెరక చూసుకోండి. చెట్టు కింద వద్దు. వాన వెలిశాక కూడా చెట్టు గంటసేపు కారుతుంది, కొమ్మ రాసుకుని బరకం చిరుగుతుంది. కరెంటు తీగల కింద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన అసలే వద్దు. వంటపొయ్యికీ, ఇంటికీ, పశువుల పాకకూ కనీసం 15 నుంచి 20 మీటర్ల ఎడం ఉండాలి.

అడుగున పట్టా పరిచి దాని మీద గడ్డి వేయడం చాలామంది చేసే పొరపాటు. ఆ పట్టా పళ్లెంలా పనిచేస్తుంది. పక్కల నుంచి జారిన నీళ్లు దానిలో నిలిచి, అడుగు కట్టలు రెండు నెలల్లో పేడలా అవుతాయి. కట్టలు నేలకు కనీసం అడుగు ఎత్తున ఉండి, కింద గాలి తిరగాలి. సిమెంటు ఇటుకల మీద సరుగుడు బాదులో తాటి దుంగలో వేసి, వాటి మీద కొబ్బరి మట్టలు గానీ కంప గానీ పరిస్తే సరిపోతుంది. చుట్టూ అడుగు లోతు కాలువ తీసి పల్లం వైపు దారి ఇవ్వండి. తీసిన మట్టిని కుప్ప అడుగునే వేస్తే నేల మరికాస్త లేస్తుంది. చెదలు ఉన్న నేలైతే ఊక బూడిద మందంగా చల్లండి. పశువు తినే మేత అడుగున పురుగుమందు పోయకండి.

126 కట్టల కుప్ప

బేలర్ చుట్టిన చిన్న గుండ్రటి కట్ట సుమారు రెండడుగుల వ్యాసం, మూడడుగుల పొడవు ఉంటుంది. బరువు 15 నుంచి 20 కిలోలు. అడుగు వరసలో పక్కపక్కనే ఆరు, దాని మీద సందుల్లో ఐదు, ఆపైన నాలుగు, మూడు, రెండు, ఒకటి. అంటే 21 కట్టలతో ఒక అంచె. అలాంటి అంచెలు ఒకదాని వెనక ఒకటి ఆరు వేస్తే 126 కట్టలు. కుప్ప 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, పదడుగులకు కాస్త పైన ఎత్తు వస్తుంది. కట్ట 18 కిలోలనుకుంటే రెండు టన్నులు పైచిలుకు. రోజుకు ఆరు కిలోల ఎండుగడ్డి తినే గేదెలు రెండుంటే ఆరు నెలల మేత.

అడుగు బాదులు కట్టలకు అడ్డంగా ఉండాలి. ఒక్కో అంచెకు రెండు చొప్పున 12 అడుగుల బాదులు 12, బాదుకు మూడు చోట్ల ఇటుకలు. అంచు కట్టలు దొర్లిపోకుండా రెండు వైపులా అంచెకొక గూటం దిగ్గొట్టండి. ఇలా పేర్చితే పక్కలు 60 డిగ్రీల వాలులో నిలుస్తాయి. అంత వాలు మీద బరకం లాగి కడితే నీళ్లు ఎక్కడా నిలవవు. పైన చదునుగా పేర్చిన కుప్ప మీద మాత్రం బరకం గుంటపడి, ఒక్క వానకే బిందెల కొద్దీ నీళ్లు పట్టి, ఆ బరువుకు చిరిగి, అన్నీ ఒక్కచోటే లోపలికి దిగుతాయి.

బరకం కొలత ఇలా చూడండి. ఒక పక్క అడుగు కట్ట నడుము నుంచి కొప్పు మీదుగా రెండో పక్క అడుగు కట్ట నడుము దాకా సుమారు 23 అడుగులు. పొడవు 18, దానికి రెండు చివర్లా వేలాడే భాగం కలపాలి. 30 అడుగులకు 24 అడుగుల బరకం ఈ కుప్పకు అతికినట్టు సరిపోతుంది.

ఏ బరకం

సన్న నల్ల కవరు ఒక్క సీజను కూడా నిలవదు. నల్లరంగు పగలు బాగా కాగుతుంది, గడ్డిలోని తేమ ఆవిరై పైకి లేస్తుంది, రాత్రి చల్లబడగానే అదంతా లోపల చెమటలా పడుతుంది. హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌తో నేసిన బరకాలకు ఐఎస్ 7903, పొరలు అడ్డంగా అతికించిన రకానికి ఐఎస్ 14611 భారతీయ ప్రమాణాలు. సిల్పాలిన్ పేరుతో అమ్మేది ఈ రెండో రకం. చదరపు మీటరుకు 200 నుంచి 250 గ్రాముల మందం, ఎండకు పెళుసెక్కకుండా యూవీ రక్షణ ఉన్నది కొనండి. 90 గ్రాములది ధాన్యం ఆరబోసుకోవడానికి పరవాలేదు గానీ, కుప్ప మీద నెలల తరబడి ఎండకు ఉంచితే పెళుసెక్కి వేలితో పొడిస్తే చిరుగుతుంది. రెండు రంగులుంటే తెల్లటి లేదా వెండి రంగు వైపు పైకి రావాలి. రాయితీ బరకాలు వచ్చాయేమో వ్యవసాయ శాఖ వాళ్లను ఒకసారి అడగండి. వచ్చినప్పుడు త్వరగా అయిపోతాయి.

కప్పడం, కట్టడం

కప్పే ముందు కొప్పు మీద కొబ్బరి మట్టలు అడ్డంగా బోర్లించండి. బరకానికీ గడ్డికీ మధ్య అవి సందు ఇస్తాయి. చెమట పడినా మట్టలే తడుస్తాయి, కట్టలు తడవవు. మట్టల మొదళ్లు నరికేయండి, లేదా గోనె చుట్టండి. లేకపోతే గాలికి అవే బరకాన్ని పొడుస్తాయి.

గాలి లేని పొద్దుటిపూట నలుగురు కావాలి. బరకాన్ని కుప్ప పక్కన చుట్టగా పెట్టి, ఒక అంచుకు రెండు తాళ్లు కట్టి, కొప్పు మీదుగా అవతలి వైపు నుంచి లాగండి. గడ్డి మీద ఈడ్చకుండా, వీలైనంత ఎత్తి లాగాలి.

అంచున ఉండే ఇత్తడి, అల్యూమినియం రింగుల మీద నమ్మకం పెట్టుకోకండి. ఈదురుగాలికి మొదట ఊడేవి అవే. దానికి బదులు నిమ్మకాయంత నున్నటి గులకరాయిని బరకం లోపలి వైపు పెట్టి, బయట నుంచి బరకంతో సహా దాని మెడ దగ్గర తాడు బిగించండి. బరకానికి చిల్లు పడదు, ఎంత లాగినా ముడి జారదు. ఇంకా గట్టిగా కావాలంటే అంచును పొడవాటి వెదురుకు రెండు చుట్లు చుట్టి, ఆ వెదురుకు బరువులు వేలాడదీయండి. లాగుడు ఒక్కచోట పడకుండా అంచు పొడవునా పంచుకుంటుంది.

బరువులకు పాత యూరియా సంచులు. ఒక్కోదానిలో 15 కిలోల ఇసుక నింపి మూతి కట్టండి. ఐదడుగులకొకటి, పక్కకు ఏడు, మొత్తం 14. సంచులు నేలను తాకకుండా వేలాడాలి. నేల మీద ఆనితే బరువు నేల మోస్తుంది, బరకం వదులవుతుంది. రాళ్లను నేరుగా బరకం మీద పెట్టకండి, రాపిడికి చిల్లులు పడతాయి. పాత టైర్లు పెడితే వాటిలో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి, అడుగున రంధ్రాలు చేయకుండా వాడొద్దు.

పైన కొప్పు మీదుగా నాలుగడుగుల ఎడంతో ఐదు అడ్డతాళ్లు వేయాలి. ఒక్కో తాడు 32 అడుగులు, మొత్తం 160. తాడు కొప్పు మీద వంగే చోట పాత సైకిల్ టైరు ముక్క పెట్టండి. మూడడుగుల గూటాలను రెండడుగులు దిగేట్టు, తల బయటికి వాలేట్టు కొట్టి, లారీ లోడుకు వేసే ముడితో బిగించండి. నల్లరేగడిలో వాన పడ్డాక గూటాలు వదులైపోతాయి. అక్కడ గూటాలతో పాటు ఇసుక సంచులు కూడా వేలాడదీయాలి. ప్రతి తాడు చివరా జానెడు సైకిల్ ట్యూబు కలిపితే గాలి ఊపును అది మింగుతుంది. బరకం గాలికి టపటపలాడుతూ ఉందంటే వారం రోజుల్లో చిరుగుతుంది. చిరగడానికి వాన కంటే ఆ కొట్టుకోవడమే ఎక్కువ కారణం.

పక్క అంచులు నేలకు కనీసం అడుగు ఎత్తున ఆగాలి. రెండు చివర్లా మిగిలే ఆరేసి అడుగులను కుచ్చిళ్లలా మడిచి తెరలా వేలాడదీయండి. కింది భాగం తెరిచే ఉంచండి. అక్కడి కట్టల మొహాలు నాలుగంగుళాలు తడిసినా గాలికి ఆరిపోతాయి.

కప్పిన తరవాత

మొదటి నెల వారానికి రెండుసార్లు చూడండి. ఆరడుగుల ఇనుప ఊచను కుప్ప మధ్యకు గుచ్చి, 20 నిమిషాలాగి లాగి పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. 55 డిగ్రీల దగ్గర అనుమానించాలి. చేత్తో పట్టుకోలేనంత కాలితే 60 దాటినట్టు. బరకం తీసి, నీళ్లు సిద్ధంగా పెట్టుకుని, కట్టల్ని విడదీయాలి. కాలుతున్న కుప్ప పైకి ఎక్కకండి, లోపల గుల్లబారి కూలవచ్చు. 80కి చేరినా, కాలిన వాసనో పొగో వచ్చినా విప్పవద్దు. గాలి తగలగానే మంట లేస్తుంది. 101కి ఫోన్ చేయండి.

పెద్ద వాన వెలిసి ఎండ రాగానే ఒక పక్క అంచును రెండు గంటలు ఎత్తి కట్టండి. అంచు ఎత్తేటప్పుడు కర్ర వాడండి, చెయ్యి పెట్టకండి. ఎలుకలున్న చోటికి పాము కూడా వస్తుంది.

తుపాను హెచ్చరిక వస్తే చివర్లను వేరే ముక్కలతో పూర్తిగా మూసి, అడ్డతాళ్లు రెట్టింపు చేయండి. గాలి ఒక్క వైపు నుంచే వస్తుందనుకోవద్దు. తుపాను మన తీరానికి చేరేటప్పుడు గాలి సాధారణంగా ఉత్తరపు దిక్కున మొదలై, అది దాటేకొద్దీ పడమరకో తూర్పుకో మళ్లి, చివరికి దక్షిణం నుంచి కొడుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ సరిగ్గా కోతల వేళ వచ్చింది. ఆ నెలలో తాళ్లు, సంచులు ముందే సిద్ధంగా ఉండాలి. తుపాను వెళ్లిన మర్నాడే చివర్లు మళ్లీ తెరవండి. మూసిన కుప్పను అలాగే వదిలితే వాన మిగిల్చిన గడ్డిని ఉక్క పాడుచేస్తుంది.

తడిసిన కట్టల్ని పొడివాటి నుంచి వేరు చేసి, విప్పి, ఆరంగుళాల మందాన పరిచి ఎండలో తిప్పండి. నల్లగానో గులాబీ రంగులోనో బూజు పట్టినది, ముక్కిన వాసన వేసేది మేపకండి. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు చలికాలంలో తోక కొస, చెవులు, గిట్టల పైభాగం కుళ్లే డెగ్నాలా జబ్బు వస్తుంది. ఆ గడ్డి పేడ గుంతలోకి పోవాలి.

వాడుకునేటప్పుడు గాలివాటుకు ఎదురు లేని చివర నుంచి మొదలుపెట్టి ఒక్కో అంచెను పై నుంచి కిందికి పూర్తిగా తీయండి. రెండు గేదెలకు 21 కట్టల అంచె నెల రోజులు వస్తుంది. పైవరస అంతా ముందే ఒలిచేస్తే కొప్పు చదునై బరకం గుంటపడుతుంది. ఒక అంచె అయ్యాక బరకాన్ని వెనక్కి మడిచి తాళ్లు మళ్లీ బిగించుకోండి. కట్ట విప్పినప్పుడల్లా పురికొసను, రాలిన బరకం పీలికలను ఏరి ఒక సంచిలో వేయండి. మేతతో పాటు పొట్టలోకి పోతే అవి జీర్ణం కావు, పేరుకుని దారి మూస్తాయి.