బ్యాచ్ వదలాలంటే ముందు సాయంత్రాలు మార్చుకో

తమ్ముడూ, గొడవలకు తిరిగే బ్యాచ్‌ను వదిలేస్తున్నానని ఎవరికీ ప్రకటించకు. తెలిస్తే బ్యాచ్‌ను నడిపే 'అన్న' పిలిపిస్తాడు, భుజం మీద చేయి వేసి బిర్యానీ తినిపిస్తాడు, మర్నాడు ఇంకో గొడవకు నీ బండే తీసుకెళ్తాడు. చెప్పకుండా తగ్గిపోవాలి. వరంగల్ కరీమాబాద్‌లో నేను అలాగే తగ్గాను. ఇప్పుడు ములుగు రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు, అంటే కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే షాపు, నడుపుతున్నాను.

ముందు అప్పు తేల్చు. అన్న పెట్టిన బెయిలు ఖర్చు, కొనిచ్చిన ఫోను, కట్టిన బండి కిస్తీ... నిన్ను కట్టిపడేసేది స్నేహం కన్నా ఇవే. మొత్తం కాగితం మీద రాసి, వాడకట్టులో ఇద్దరూ మాట వినే పెద్దమనిషి చేతుల మీదుగా కొంచెం కొంచెంగా తీర్చెయ్యి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి విరగబడి వస్తుంది. ఆ నెలల్లో యార్డు చుట్టుపక్కల కూలి దొరుకుతుంది. ఘాటుకు కళ్లు మండుతాయి, తుమ్ములు ఆగవు. అయినా ఆ డబ్బుకు ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు.

అసలు కష్టం సాయంత్రం ఆరు నుంచి పది వరకు. పొద్దున ఎవరూ చెడిపోరు, పొద్దున అందరూ నిద్రలోనే ఉంటారు. అందుకే ఆ వేళ నిన్ను కదలనివ్వని పని వెతుక్కో. యాసంగిలో పరకాల, నర్సంపేట వైపు నుంచి రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి, పొలం ఎండుతోంది, రాత్రికే కావాలని కూర్చుంటారు. మా మేస్త్రీ నాకు మొదట నేర్పింది చుట్టడం కాదు, విప్పడం. పాత తీగ కోసే ముందు ఒక్కో కాయిల్‌కు ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టాలి, తీగ మందం కొలవాలి, తీగ కూర్చునే గాడుల్లో (స్లాట్లు) ఏ స్లాట్ నుంచి ఏ స్లాట్‌కు పోయిందో బొమ్మ గీసుకోవాలి. లెక్క మధ్యలో ఫోను మోగి ఎత్తావా, మళ్లీ ఒకటి నుంచే. ఫోను డబ్బాలో పెట్టడం నేను అక్కడే నేర్చుకున్నాను.

కేసులుంటే దాక్కోకు. వాయిదా తప్పితే నాన్ బెయిలబుల్ వారంట్ రావచ్చు, అప్పుడు పని చేసే చోటికే పోలీసులు వస్తారు. చిన్నపాటి కొట్లాట కేసయితే, అవతలివాళ్లు ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు. హత్యాయత్నం అక్కడ తేలదు. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లు, లేదా 15100కు ఫోను చెయ్యి. ఎస్సీ, ఎస్టీలకు, 18 ఏళ్లలోపు వారికి, ఆదాయం తక్కువున్న వారికి ఉచితంగా వకీలును ఇస్తారు. గొడవ జరిగేనాటికి నీకు 18 నిండకపోతే ఆ మాట వకీలుకు ముందే చెప్పు. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం అలాంటి కేసు ఉద్యోగానికి అడ్డు కాకూడదు. 16 దాటాక ఘోర నేరంలో పెద్దవాడిగా విచారించి శిక్ష వేస్తే మాత్రం ఆ రక్షణ ఉండదు.

తల్వారుతో కేకు కోసిన ఫొటోలు ఇంకా ఉంచుకున్నావా? తీసెయ్యి. అవి చూసి ఎవరూ భయపడరు, పోలీసులు మాత్రం కేసు పెడతారు.

వినాయక చవితి, దసరా, ఎన్నికల ర్యాలీలు – పాతవాళ్లు పిలిచే రోజులివే. చందా ఇచ్చెయ్యి, నిమజ్జనం రాత్రి మాత్రం ఊళ్లో ఉండకు. నేను ఆ రోజు మా మేనత్త వాళ్ల ఊరికి వెళ్లేవాణ్ని. పారిపోయాడన్నారు, అననీ. చాలామంది హైదరాబాద్ పొమ్మంటారు కానీ నాకు నమ్మకం లేదు. చేతిలో పని లేకుండా పోతే అక్కడా అలాంటి అన్నే దొరుకుతాడు.

చదువు ఆగిపోతే తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం ఉంది. 14 నిండితే పదో తరగతికి, 15 నిండి పది పాసయితే ఇంటర్‌కు చేరవచ్చు, పై వయసుకు హద్దు లేదు. పది చేతికి రాగానే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకు దరఖాస్తు పెట్టు, రెండేళ్ల కోర్సు. వైండింగ్ నేర్చుకోవాలని ఉంటే మాత్రం అప్పటిదాకా ఆగకు, సాయంత్రం షాపుకు రా. టీ నేను పోయిస్తాను, జీతం మొదటి నెల నుంచే.