బర్ స్టాండులో తలెత్తే సమస్యలు, వాటి పరిష్కారాలు

సమస్య: పేషెంటు నోరు తెరుచుకుని ఉండగా కావలసిన బర్ (దంతవైద్యుడి డ్రిల్లుకు తగిలించే, పంటిని తొలిచే చిన్న మొన) దొరకదు.

కారణం చాలా చోట్ల ఒక్కటే. ఉన్న బర్లన్నిటినీ ఒకే పెద్ద స్టాండులో గుచ్చి ఉంచుతారు. దీనివల్ల వెతుకులాట ఒక్కటే కాదు నష్టం. చికిత్స జరిగే చోట తెరిచి ఉంచిన స్టాండు మీద తుంపర్లు పడతాయి కాబట్టి, వాడినవాటితో పాటు వాడనివాటినీ మళ్లీ కడిగి ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పెట్టాల్సిందే. తాకనైనా తాకని బర్ ఇలా ఊరికే పాతబడుతుంది.

పనికొక చిన్న స్టాండు పెట్టండి: ఫిల్లింగుకు ఒకటి, క్రౌన్ ప్రిపరేషన్‌కు (తొడుగు కోసం పంటిని అరగదీయడానికి) ఒకటి, రూట్ కెనాల్ తెరవడానికి ఒకటి, పాలిషింగుకు ఒకటి. వాడే వరుసలోనే గుచ్చండి. రంధ్రాలు సరిగ్గా అవసరమైనన్నే ఉండాలి. అప్పుడు పని ముగిశాక ఒక్క రంధ్రం ఖాళీగా కనబడినా, పేషెంటు కుర్చీ దిగకముందే ఆ బర్ ఎక్కడుందో చూడాలని తెలుస్తుంది. చిన్న స్టాండ్ల వల్ల కలిగే అసలు మేలు ఇదేనని నా నమ్మకం.

సమస్య: బర్ రంధ్రంలో వదులుగా ఊగుతుంది, లేదా అసలు దూరదు.

ఎయిర్‌రోటర్ (గాలితో అతివేగంగా తిరిగే డ్రిల్లు) బర్ కాడ మందం 1.6 మి.మీ., మైక్రోమోటర్ (నెమ్మదిగా తిరిగే డ్రిల్లు) బర్లది 2.35 మి.మీ. రెండు రకాలనూ కలపకండి.

సమస్య: ఒకే ఆకారపు డైమండ్ బర్లు తారుమారవుతున్నాయి.

కాడ మీది రంగు పట్టీ చూడండి: ఆకుపచ్చ గరుకు, నీలం మధ్యరకం, ఎరుపు నునుపు, పసుపు ఇంకా నునుపు. పట్టీ చెరిగిపోతే ఊహించవద్దు, బర్ మార్చేయండి. ఇక ఐఎస్‌ఓ సంఖ్య (బర్ రకాన్ని తెలిపే అంతర్జాతీయ ప్రామాణిక సంఖ్య) చివరి మూడంకెలు తల వ్యాసాన్ని చెబుతాయి. 014 అంటే 1.4 మి.మీ.

సమస్య: తుప్పు.

భూతద్దం కింద పెట్టి చూడండి. తల, కాడ కలిసే మెడ దగ్గర గోధుమరంగు చార మొదలవుతుంది. అక్కడే విరిగే ప్రమాదమూ ఎక్కువ కనుక ఆ బర్‌ను తుడిచి మళ్లీ వాడకండి, తీసేయండి. తర్వాత కారణం వెతకండి. కార్బన్ స్టీల్ బర్ ఆవిరికి నిలవదు. ఒక్కటి తుప్పుపట్టినా పక్కవాటికి మరకలు అంటుతాయి. సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) తగిలినా, కడిగాక తడి ఆరకుండానే ఆటోక్లేవ్‌లో పెట్టినా ఇదే ఫలితం. అల్యూమినియం స్టాండు నల్లబడి గుంటలు పడుతుంటే, క్షారగుణం ఎక్కువున్న ద్రావణం వాడుతున్నారేమో చూసుకోండి.

సమస్య: కొత్త బర్ కూడా త్వరగా మొద్దుబారుతుంది.

అల్ట్రాసోనిక్ తొట్టిలో (శబ్ద తరంగాలతో శుభ్రం చేసేది) విడిగా వేస్తే బర్లు ఒకదానికొకటి కొట్టుకుని అంచులు పోతాయి. స్టాండులో గుచ్చే ముంచండి. డైమండ్ రేణువుల మధ్య తెల్లని పొడి ఇరుక్కుంటే, తడిపిన క్లీనింగ్ స్టోన్ మీద తిప్పితే వదులుతుంది. కొన బోడిగా మెరుస్తుంటే దాని పని అయిపోయినట్టే.

సమస్య: పౌచ్ (బర్లను మూసి ఆటోక్లేవ్‌లో పెట్టే సంచి) తడిగా బయటికి వస్తోంది.

ట్రే కిక్కిరిసి ఉండటం, ఆరే దశ పూర్తికాకముందే తలుపు తెరవడం కారణాలు. తడి పౌచ్‌లోని బర్లను శుభ్రమైనవిగా లెక్కించకూడదు. కొత్త పౌచ్‌లో పెట్టి మళ్లీ ఆటోక్లేవ్ చేయాలి. ఆరిన పౌచ్‌లపై తేదీ వేసి, సింకుకు దూరంగా ఉన్న డ్రాయరులో పాతవి ముందుకు వచ్చేలా పేర్చండి.